బావి అడుగున రాజుగారు

ఏ దేశమో అడక్కండి, ఒక రాజ్యాన్ని రణభేరుండ భూపతిగారు ఏలేవారు. తమకు తెలియనిది లోకంలో ఉండకూడదని ఆయన పట్టుదల. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. పిచ్చుకలదిన్నె అనే ఊళ్లో ఉన్న ఒక్క బావీ అడుగున మట్టి పూడి ఎండిపోయింది. రాజాజ్ఞ లేనిదే బావిలో పార దింపకూడదని అక్కడి కట్టడి. ఊరివాళ్లొచ్చి మొరపెట్టుకుంటే రాజుగారు మీసం దువ్వి, ముందు సృష్టికర్త ఉన్నాడో లేడో తేలాలన్నారు. ఉంటే పూజలు చేయిస్తారట, లేకపోతే తవ్విస్తారట.

పండితులు రెండు జట్లయి మూడు నెలలు వాదించారు. గొంతులు బొంగురుపోయాయి గానీ బావిలో చుక్క ఊరలేదు. ఊళ్లో సగం మంది మూటాముల్లె సర్దుకుని వలసపోయారు.

ఇక్కడ విదూషకుడు వల్లభయ్య సంగతి చెప్పాలి. సభంతటినీ కడుపుబ్బ నవ్వించే మనిషికి ఇంటికి పోతే పలకరించే దిక్కు లేదు. భార్య మంగమాంబ పోయి రెండేళ్లు. పిచ్చుకలదిన్నె ఆమె పుట్టిల్లు. అక్కడికి వెళ్తేనే ఎవరో ఒకరు మా మంగ అంటూ ఆమె మాట ఎత్తేవారు. ఆ ఊరూ ఖాళీ అయిపోతే ఆమె పేరు పలికే నోరు తనదొక్కటే మిగులుతుంది. అదీ అతని దిగులు.

ఒకనాడు సభలో లేచి, సృష్టికర్త జాడ ఆ బావి అడుగున తెలుస్తుందట, కాకపోతే అంత లోతుకు దిగే గుండె మామూలు వాళ్లకు ఉండదట అని విన్నవించుకున్నాడు. రాజుగారు ఉబ్బిపోయారు. మర్నాడే పల్లకీ వచ్చి బావి దగ్గర దిగింది.

బావి పనివాళ్లకు ఒక ఆచారం ఉంది. దిగినవాణ్ణి పైవాళ్లు మాటిమాటికీ "ఉన్నావా?" అని పిలవాలి, వాడు "ఉన్నా" అనాలి. గాలి చాలక సోలిపోతే తెలియాలి కదా. ఆ రోజు మాత్రం రాజుగారిని గంపలో దింపాక ఎవరూ నోరు మెదపొద్దని వల్లభయ్య సైగ చేశాడు. దేవుడి జాడ తెలియాలంటే నిశ్శబ్దం ఉండాలని పరివారానికీ ముందే చెప్పి ఉంచాడు.

అడుగున చీకటి. కాసేపు రాజుగారు గంభీరంగానే నిలబడ్డారు. తర్వాత భయం వేసింది. ఎవరున్నారని పిలిచారు. జవాబు లేదు. మళ్లీ పిలిచారు. ఈసారి గొంతు వణికింది.

ఆ వణుకు వల్లభయ్యకు తెలుసు. ఖాళీ ఇంట్లో తన గొంతూ అతనికి అలాగే వినబడేది. పాపం అనిపించింది, కానీ పని మిగిలి ఉంది. గట్టు మీద నుంచి వంగాడు.

"ప్రభూ, తాడు పట్టుకున్న నలుగురిలో ఇద్దరు దేవుడున్నాడంటారు, ఇద్దరు లేడంటారు. అది తేలేదాకా ఆగమంటారా, లాగమంటారా?"

"నలుగురూ లాగండయ్యా, మీకు పుణ్యముంటుంది!"

పైకొచ్చిన రాజుగారు ఒంటినిండా మట్టితో కాసేపు ఆయాసపడి, తర్వాత పగలబడి నవ్వారు. ఆ పూటే పారలు దిగాయి. పన్నెండో నాటికి ఊట తగిలింది, వెళ్లినవాళ్లు ఒక్కొక్కరే తిరిగొచ్చారు.

రాజుగారు నవ్వుతూ ఏం కావాలో కోరుకోమంటే వల్లభయ్య తల దించుకున్నాడు.

"నాకేం వద్దు ప్రభూ. పొద్దున్నే మా వాకిట్లో ఎవరైనా ఒకసారి, ఉన్నావా అని పిలిస్తే చాలు."

రాజుగారి నవ్వు ఆగిపోయింది.

మర్నాడు వీధిలో ఇంకా ముగ్గులు పడలేదు. పల్లకీ లేకుండా నడిచొచ్చిన మనిషి ఒకరు వల్లభయ్య తలుపు ముందు నిలబడ్డారు.

"వల్లభయ్యా, ఉన్నావా?"

లోపల గడియ తీసిన చప్పుడైంది.

"ఉన్నాను ప్రభూ."