కూలని దారి

అనగనగా ఒక రాజు. ఆయన రాజ్యం ఆవగింజలో వెయ్యోవంతు కూడా ఉండదు. అయినా కోట ఉంది, ఖజానా ఉంది, నలుదిక్కులకూ దారులున్నాయి. దారులు వెదురుబొంగుల్లా లోపల డొల్ల. జంట ఇటుకలను బారుగా పేర్చి, అలాంటి పదమూడు వరుసలను గుండ్రంగా చేరిస్తే ఒక దారి. వాటి మీద నడకపురుగులు మూటలు మోసేవి.

ఈ పూట కట్టిన దారి మరో పూటకి కూలేది. ఆ ఇటుకలతోనే ఇంకో దారి లేచేది. రాజుకు విసుగొచ్చింది. కోట మీద కన్నేసిన మాంత్రికుడొకడు వచ్చి, "నా జిగురు పూస్తే దారి ఎన్నటికీ కూలదు" అన్నాడు. రాజు పూయించాడు.

కొన్నాళ్ళకు రాజ్యం పెరిగి రెండయ్యే రోజొచ్చింది. ఖజానాలోని, రాజ్యం నడిచే తీరంతా రాసి ఉన్న జంట తాళపత్రాలను పొద్దుగూకేలోగా చెరో దిక్కుకు లాగాలి. లేకపోతే రాజ్యమే ఉండదు. లాగే మోకులు అల్లాల్సిందీ ఆ ఇటుకలతోనే. ఒక్క ఇటుకా ఊడలేదు.

రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దకొడుకు గునపంతో పొడిచాడు. గునపం వంగింది. రెండోవాడు మాంత్రికుడి కాళ్ళు పట్టుకున్నాడు. మాంత్రికుడు నవ్వాడు.

మూడోవాడు ధీరసేనుడు. తాపీమేస్త్రి కూతురు నీలవేణి అతనితో, "దారి కొసన ఉండే ఇటుక ఎప్పుడూ పచ్చిదే. దానికి జిగురంటదు. అది లాగు" అంది.

"దాని మీదే చిలక కూర్చుంటుంది. మాంత్రికుడి ప్రాణం అందులోనే" అంది నడకపురుగు. "నా మూటెక్కు బాబూ. జారతానని బెంగపడకు. నా కాళ్ళు రెండూ ఒకేసారి ఎప్పుడూ లేవవు."

బొట్టంతేసి సముద్రాలు ఏడు దాటారు. కొసన చిలక.

"లాగితే నువ్వూ పడతావు" అంది చిలక.

"పడతాను. మా దారులు పడి లేచేవే."

ఒకసారి లాగాడు, కదల్లేదు. రెండోసారి లాగాడు, చిలక చేయి పొడిచింది. మూడోసారి నెత్తురుచేత్తోనే లాగాడు. ఇటుక ఊడింది. చిలక కిందపడి చచ్చింది. కోటలో మాంత్రికుడు కూలాడు. జిగురు పొడైంది. దారులన్నీ జలజలా రాలాయి. ధీరసేనుడు పురుగును కరుచుకుని ఇటుకల కుప్ప మీద పడ్డాడు.

నీలవేణి అప్పటికే రాజ్యం రెండు కొసలా మోకులు అల్లే మనుషుల్ని నిలబెట్టింది. ఇటుకలు మోకులయ్యాయి, తాళపత్రాలు చెరోవైపు జరిగాయి. పొద్దుగూకేవేళకు రాజ్యం రెండైంది. ఒకటి అన్నలది, ఒకటి ధీరసేనుడిది.

నీలవేణితో అతని పెళ్ళి ఊరేగింపు సగంలో ఉండగా దారి కూలింది. ముసలిరాజు పల్లకి దిగి, మొదటి ఇటుక తానే అందించాడు. ఆ పైన వాళ్ళు చాలాకాలం చల్లగా ఏలారు. దారులు రోజూ కూలాయి, రోజూ లేచాయి.