బండి గేటు బయటే ఆగాలి

ఊరు అయిపోయి పట్నం ఇంకా మొదలుకాని చోట ఒక ఇటుక బట్టీ, దాని వెనక ఒక రేకుల కొట్టం ఉన్నాయి. కొట్టంలో నాలుగు ప్రాణాలు. పాలిచ్చే గేదె వరాలు. ఏదో ఒకటి నములుతూ తప్ప మాట్లాడని మేక నాంచారి. తను కూయకపోతే సూర్యుడు దుప్పటి తియ్యడని నమ్మే కోడిపుంజు సాంబయ్య. ఇటుకలతో పాటు ఈ ముగ్గురి అవసరాలూ మోసే గాడిద ఆదెమ్మ. వెనక తుమ్మపొదల్లో పానకాలు అనే నక్క ఉండేవాడు. పనీపాటా లేదు కాబట్టి అందరి పనుల్లోనూ సలహా ఇచ్చేవాడు.

నాటకానికి వెళ్దామన్న మాట మొదట ఆదెమ్మ నోట వచ్చింది. బట్టీ ఆగిపోయిన రోజుల్లో ఆమె పట్నంలోని జంతువుల నాటకశాలకు సామాను మోసింది. రాజుగారి సింహాసనం కూడా ఆమె వీపు మీదే వెళ్ళింది. దాని కాలొకటి, మిగతావాటికంటే పొట్టిది, దారి పొడవునా పక్కటెముకల్లో గుచ్చుకుంది. తీరా చేరాక సింహాసనాన్ని లోపలికి పట్టుకుపోయారు, ఆదెమ్మను గేటు బయట నిలబెట్టారు. గోడకి అవతల పద్యాలు, చప్పట్లు, వన్స్‌మోర్ కేకలు. ఇవతల ఆదెమ్మ, ఈగలు. ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారో ఒక్కసారి కళ్ళారా చూడాలని ఆమెకు అప్పుడే పట్టుదల పుట్టింది.

“మాట్నీకి వెళ్దాం,” అందామె కొట్టంలో.

“నా పాలవేళ?” అంది వరాలు.

“పొద్దుటి పాలు పితికాక బయల్దేరి, సాయంత్రం పాలకి వచ్చేస్తాం అత్తా. మాట్నీ అన్నది అందుకే.”

“మరి నా కూత?” అన్నాడు సాంబయ్య.

“మధ్యాహ్నం సూర్యుడు ఎలాగూ లేచే ఉంటాడు బాబాయ్.”

“తిండి మాటేమిటి? నాకు ఆకలేస్తే కళ్ళు తిరుగుతాయి,” అంది నాంచారి, గోనెసంచి నములుతూ.

“నీకు తుమ్మకాయలు, అత్తకి తెలగపిండి, బాబాయికి నూకలు. అన్నీ నా మూటలో ఉంటాయి. రైల్వే గేటు పక్కన కుంటలో నీళ్ళున్నాయి, చూసే వచ్చాను. ముందు వరసలో నాలుగు చోట్లు ఆపమని పావురంతో కబురు కూడా పంపాను. ఇక మీరు నడిస్తే చాలు.”

“నడవాలా?” అన్నారు ముగ్గురూ ఒకేసారి.

అంతలో పానకాలు ఇటుకల గుట్ట ఎక్కి గొంతు సవరించుకున్నాడు. “అయ్యో, అయ్యో! పట్నం ప్రయాణం అంటే ఇలాగా? పెద్దదిక్కు లేకుండా వెళ్తే సందుల్లో తప్పిపోతారు. వరాలమ్మా, మీలాంటి నిండు మనిషిని ట్రాఫిక్‌లో చూసుకునేదెవరు? సాంబయ్యగారూ, మీ గొంతు అక్కడి నటులు వింటే మిమ్మల్ని వేదిక దిగనిస్తారా? పక్కన నాలాంటివాడొకడు ఉండాలి.”

“నిజమే సుమా,” అన్నాడు సాంబయ్య, ఈకలు దులుపుకుంటూ.

“అయితే బాధ్యత నాది. నాలుగు చోట్లున్నాయి కదా. వరాలమ్మ, నాంచారి, సాంబయ్యగారు, నేను.”

“మరి నేను?” అంది ఆదెమ్మ.

పానకాలు నవ్వాడు. “నువ్వు బండివి కదమ్మా! సాంబయ్యగారినీ, కాళ్ళు నొప్పులన్న నాంచారినీ, మూటనీ మోసేదెవరు? బండి గేటు బయటే ఆగాలి. పట్నంలో మర్యాద అది. బండి తిన్నగా వచ్చి నాటకం చూస్తానంటే నలుగురూ నవ్వరూ? పైగా ఆ చెవులొకటి. వెనక కూర్చున్నవాళ్ళకి వేదిక కనబడొద్దూ?”

నాంచారి కిసుక్కున నవ్వింది.

“ఈ ప్రయాణం అనుకున్నది నేను. దారి చూసింది నేను. చోట్లు ఆపించింది నేను,” అంది ఆదెమ్మ. ఒక్కో మాటకీ ఆమె చెవులు కొంచెం కొంచెంగా వెనక్కి వాలాయి. గాడిద చెవులు అలా వాలాయంటే వెనకాల నిలబడకూడదు. అది తెలిసినవాళ్ళు అక్కడ ఎవరూ లేరు.

“కోపం దేనికే?” అంది వరాలు, నెమరు ఆపకుండా. “నువ్వెలాగూ నిలబడే నిద్రపోతావు. ఆ నిలబడేదేదో గేటు బయట నిలబడితే నీకు పోయేదేముంది?”

“వచ్చాక కథంతా చెప్తాంలే,” అన్నాడు సాంబయ్య ఉదారంగా.

ఆదెమ్మ వెనక్కి తిరిగింది. కొట్టం మూలకి వెళ్ళి రేకుని ఒక్క తన్ను తన్నింది. సొట్ట ఇప్పటికీ ఉంది. పానకాలు కుట్ర ఆమెకు పెద్ద వింత కాదు, నక్క నక్కలాగే ఉంటాడు. ఒంట్లో మంట రేపింది ఆ ముగ్గురే. కిందటి వానల్లో వరాలు బురదలో కూరుకుపోతే తాడు కట్టి లాగింది ఎవరు? నాంచారి పిల్లల్ని వరదలోంచి వీపు మీద దాటించింది ఎవరు? ఇప్పుడు ఒక్కరైనా ‘ఆదెమ్మ రాకపోతే మేమూ రాం’ అనలేదు.

బయల్దేరే రోజు పొద్దున్నే పానకాలు ఒంటరిగా ఆమె దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గింది.

“ఆదెమ్మా, చిన్న సంగతి. అక్కడ గేటు కాపలా కుక్కలది. మా జాతిని లోపలికి రానివ్వరు. పోయిన ఏడు విశ్రాంతి వేళలో వంతపాట బాతు ఒకటి కనబడకుండా పోయిందట, ఆ నింద మా మీద వేశారు. నేను నీ వీపు మీద గడ్డిమూటలో దూరి ఉంటాను. గేటు దాటించి లోపల దించేసి, ఆ తర్వాత నువ్వు నీ చోటికి వెళ్ళిపో.”

ఆదెమ్మ అతని మొహంలోకి చూసింది. చేసిన ఎగతాళికి ఓ క్షమాపణైనా ఉంటుందేమోనని చూసింది. లేదు. తను అన్నది అతనికి గుర్తే లేదు.

“బండి ఎక్కడ ఆగాలన్నావు?” అని అడిగింది.

“గేటు బయట. చెప్పానుగా.”

“సరే,” అంది. “ఎక్కు.”

దారంతా పుంజు ఎండ అంది, మేక కుదుపు అంది, మూట లోపలి నక్క “కాస్త మెల్లగా నడవలేవూ, గాడిదలా!” అని విసుక్కున్నాడు. ఆదెమ్మ నడిచింది. ఎక్కడా తప్పిపోలేదు, ఎవరినీ దారి అడగలేదు.

నాటకశాల దగ్గర రంగుల తెర కట్టిన గేటు, లోపలి నుంచి హార్మోనియం. సాంబయ్య, నాంచారి కిందికి దూకి, వరాలుతో కలిసి వెనక్కి చూడకుండా లోపలికి పోయారు. ఆదెమ్మ గేటు ముందు ఒక్క క్షణం ఆగి, ఎడమవైపు తిరిగింది.

“ఎటు పోతున్నావే? గేటు అటు కాదు!” అని మూట గుసగుసలాడింది.

“బండ్లు ఆగే చోటుకి.”

“ముందు నన్ను లోపల...”

“బండి లోపలికి రాకూడదు. పట్నం మర్యాద. నలుగురూ నవ్వుతారు.”

బండ్లు ఆగే చోటు వేపచెట్టు నీడన ఉంది. కాపలా దిగిన కుక్కలన్నీ పడుకునేదీ ఆ నీడలోనే. ఇన్నాళ్ళు అక్కడ నిలబడ్డ ఆదెమ్మకు అది తెలుసు. బయట నిలబడే అవసరం ఎప్పుడూ రాని పానకాలుకు తెలియదు. గడ్డి సందులోంచి చూశాడు, మూట మొత్తం వణికింది.

“ఆదెమ్మక్కా,” అంది మూట. అక్క అనడం అదే మొదలు. “ముందు వరసలో నా చోటు నీకిచ్చేస్తా. వెనక్కి తిరుగు తల్లీ!”

“నాకా? మరి నా చెవులు?”

కాపలా పెద్ద భద్రం ఒక కన్ను తెరిచాడు. “ఏం ఆదెమ్మా, బాగున్నావా? ఎవరితో మాట్లాడుతున్నావు?”

“సామానుతో, భద్రం బాబాయ్. బండి ఆగింది. దించి చూసుకోండి.”

భద్రం మూటని మూతితో లాగాడు. గడ్డి, తెలగపిండి, నూకలు, వాటి మధ్యన పానకాలు. నిద్రపోతున్న కుక్క ఒక్కటి కూడా నిద్రలో మిగల్లేదు. ఆ తర్వాత లోపలి పద్యం బయట ఎవరికీ వినబడలేదు. నక్క గోడ దూకాడు గానీ తోక కుచ్చులో సగం భద్రం నోట్లో ఉండిపోయింది.

భద్రం ఆ బొచ్చు ఉమ్మేసి, “ముందు వరసలో ఒక చోటు ఖాళీగా ఉందని లోపల అనుకుంటున్నారు. ఎవరిదో ఏమో!” అన్నాడు.

“నాదే,” అంది ఆదెమ్మ.

ఆమె వెళ్ళి వరాలు పక్కన నిలబడింది. వరాలు ఉలిక్కిపడి, “అదేమిటే, పానకాలు ఏడీ?” అంది.

“బయట ఆగిపోయాడు. మాట్లాడకు, నాటకం చూడనీ.”

నెమలి రాజు వచ్చి సింహాసనం మీద కూర్చున్నాడు. కుర్చీ ఒక పక్కకి ఒరిగింది, కిరీటం ముక్కు మీదికి జారింది. ఆ కాలు పొట్టిదని సభలో అందరికంటే ముందు ఆదెమ్మ పక్కటెముకలకి తెలుసు. ఆమె నవ్వింది. గాడిద నవ్వు కాబట్టి హాలంతా దద్దరిల్లింది. జనం వన్స్‌మోర్ అన్నారు.

తిరుగు దారిలో నాంచారి, “ఆదెమ్మక్కా, కాళ్ళు లాగుతున్నాయే,” అని గునిసింది.

“బండి నాటకం చూసి అలిసిపోయింది. నడువు,” అంది ఆదెమ్మ. ముగ్గురూ నడిచారు.

పానకాలు ఇప్పటికీ ఆ తుమ్మపొదల్లోనే ఉన్నాడు, కూర్చోలేక నిలబడే ఉంటాడు. ఎవరికీ సలహాలివ్వడం లేదు.

నీతి: మోసేవాళ్ళని ఎక్కడ ఆపాలో తీర్పు చెప్పేముందు, తానెవరి వీపు మీద ఉన్నాడో ఒకసారి కిందికి చూసుకోవాలి.