ఒంటిదూలం అన్నపూర్ణమ్మ

మల్లన్న కొండకు నడిచిపోయే పాత దారిలో, కనుమ మొదట్లో ఉన్న క్షేత్రం ఒంటిదూలం. ఇక్కడ అమ్మవారు కొలువైనది పూటకూళ్ళ ఇంట్లో. రెండు మూరల మందాన మట్టిగోడలు, తల వంచితే తప్ప లోనికి రానివ్వని గుమ్మం, అయిదు బారల భోజనశాల. నడుమ ఒక్క స్తంభమైనా లేదు. కప్పు బరువంతా ఒకే ఏగిస మాను దూలం మోస్తున్నది.

పూర్వం ఇక్కడ పేరిందేవి అనే పూటకూళ్ళమ్మ యాత్రికులకు వండిపెట్టేది. భర్త పోయిన ఏడాది ఆమె ఈ దారిలోనే జ్వరంతో పడిపోతే, బుట్టలల్లే మేదరులు గుడిసెకు మోసుకుపోయి, అంబలి పోసి బతికించారు. ఆ తరువాతే ఆమె ఇక్కడ పొయ్యి వెలిగించింది.

అప్పట్లో శాల నడుమ కొయ్య స్తంభం ఉండేది. దానిమీదనే రెండు దూలాలు కలిసేవి. ఒక శివరాత్రికి ముందు ఊరిపెద్ద కొండారెడ్డి వచ్చి, స్తంభానికి ఆనించి తన మనుషులు అడ్డుగోడ కడతారనీ, ఇకపై మేదరులు గోడ అవతల తినాలనీ, కాదంటే ఊరిబావి నీళ్ళు అందవనీ చెప్పి వెళ్ళాడు.

ఆ మధ్యాహ్నం పేరిందేవి కునుకు తీస్తుండగా గరిటె పట్టిన ముత్తైదువ కలలో కనిపించింది.

"నడుమ నిలిచినదాన్ని తీసెయ్యి. బరువు సంగతి నేను చూసుకుంటాను."

పేరిందేవి వడ్రంగి లింగాచారిని పిలిపించింది. అంత పొడవు మాను దొరకదన్నాడతడు. వెదురు కోసం అడవి తిరిగే మేదరులు గాలివానకు ఒరిగిన ఏగిస చెట్టును చూపించి, తామే తాళ్ళతో లాగుకొచ్చారు. పాత దూలాలు దించి కొత్తది ఎత్తారు. ఇక స్తంభం తీయాలి. లింగాచారి ఎత్తిన సుత్తి దించేశాడు.

"ఊతం తీస్తే కప్పు కూలుతుందమ్మా."

పేరిందేవి వెళ్ళి స్తంభం పక్కనే బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"కూలితే కింద ఉండేది నేనే, ఆచారీ. కొట్టు."

స్తంభం జారింది. దూలం మూలిగి, నాలుగు వేళ్ళ మేర కుంగి, ఆగింది. స్తంభం కింది రాతిని తిరగేస్తే గరిటె పట్టిన అమ్మ రూపు కనిపించింది. ఆ విగ్రహాన్ని అక్కడే నిలుపుదామంటే పేరిందేవి ఒప్పుకోలేదు. నడుమ మళ్ళీ ఏదీ వద్దని పొయ్యి పక్కన ప్రతిష్ఠించింది.

ఊరిబావి మూతపడింది. ఆమె కొండవాగు నుంచి కావడి మోసి వండింది. శివరాత్రి ఉపవాసం విడిచే పొద్దున కొండారెడ్డి వచ్చేసరికి ఈ గోడ నుంచి ఆ గోడదాకా ఒకటే పంక్తి. మేదరుల మధ్య ఒక విస్తరి ఖాళీగా ఉంది. ఆయన చాలాసేపు దూలం వంక చూశాడు. ఆకలే గెలిచిందో, అమ్మే మనసు మార్చిందో, ఆ విస్తరి ముందు కూర్చున్నాడు. ఆఖరున వచ్చిన ఆయనకే పేరిందేవి ముందుగా వడ్డించింది. మరునాడు బావి తెరిపించాడు.

నేటికీ కష్టమైన పనికి పూనుకున్నవారు స్తంభం ఉండినచోట కూర్చుని ప్రసాదం తింటారు. వారి పట్టు సడలకుండా అమ్మ కాస్తుందని నమ్మకం. వడ్డన మాత్రం, ఆ పూట అందరికన్నా ఆఖరున గడప దాటి వచ్చినవారి విస్తరితోనే మొదలవుతుంది.