వాలుగమ్మ పుట్టింటి దారి

అక్షతలు చేత పట్టుకొని వినుడు. వెనుక కూర్చున్న కోడళ్ళారా, ఆ గుసగుసలు ప్రసాదమప్పుడు చెప్పుకొనవచ్చును.

పూర్వము తీరవ్రతుడను ముని జలపాద మహామునిని చూచి, ఏటిలో చేపలు నశించి రేవులు బోసిపోయినచోట జనులు ఏ వ్రతము చేసి తిరిగి కలిమి పొందుదురని అడిగెను. జలపాదుడు సంతసించి ఇట్లు చెప్పెను.

ఒక ఏటి ఒడ్డున జోగన్న అను బెస్తవాడును, అతని ఇల్లాలు నూకాలును ఉండిరి. తొలకరికి ఎర్రనీరు దిగగానే కడుపునిండ గుడ్లతో వాలుగ చేపలు ఏటిని విడిచి, గుడ్లు పెట్టుటకు వాగులోనికి ఎదురెక్కును. జోగన్న ఆ వాగు నోటికి ఈ గట్టు నుండి ఆ గట్టు దాక వెదురు దడి కట్టి, వచ్చిన ప్రతి తల్లిని పట్టెను. ఊరంతయు గుడ్ల వేపుడు తిని మెచ్చుకొనెను. అది చాలక వేసవిలో మడుగున విషపు మందు కలిపి చేపపిల్లలను సైతము చంపి తేల్చెను. ఆహా, ఏమి తెలివి! కొన్నేండ్లకు వలలో నాచు తప్ప ఏమియు పడకుండెను. పల్లెవారు వలసపోవుటకు మూటలు కట్టుకొనిరి. నూకాలు మాత్రము ఆ రేవును విడువలేక, కడుపుతో ఉండియు నీట నిలిచి ఏడ్చెను.

అంతట గంగమ్మ ముత్తైదువ రూపమున వచ్చి, ఆ వాగు వాలుగకు పుట్టిల్లనియు, కాన్పుకు పోవు బిడ్డ దారి మూసినందుననే ఈ కష్టమనియు చెప్పెను. ఎర్రనీరు దిగిన నాడు దడిలో మనిషి పట్టునంత సందు విడిచి, పసుపు కుంకుమలు పెట్టి, చలిమిడి నీట విడిచి, నీరు తేటపడువరకు గుడ్ల చేపను ముట్టరాదని విధానము తెలిపెను.

నూకాలు చెప్పగా జోగన్న సందు విడిచెను, పసుపు పూసెను, కొబ్బరికాయ కొట్టెను. అంతయు చేసి, సందుకు ఆవల నీటి అడుగున మావు పెట్టెను. మావనగా చేప దూరునే గాని మరలి రాలేని వెదురు బుట్ట. దేవతతోనే దొంగాట ఆడిన ఘనుడు! ఆ ఏడు ఎదురెక్కినది ఒక్క జంట. మగడు పక్కకు తప్పుకొనెను, గుడ్ల తల్లి మావులో పడెను.

చలిమిడి తెచ్చిన నూకాలు నీరు కదలుట చూచి బుట్ట పైకెత్తెను. పొట్ట ఉబ్బిన వాలుగ లోపల కొట్టుకొనుచుండెను. అప్పుడామె మగనితో ఇట్లనెను:

"ఇదేం పనయ్యా? రేపు నన్ను మా అమ్మోళ్ళింటికి పంపుతావు గదా, గుమ్మంలో ఇట్టాగే బుట్ట పెడతావా?"

జోగన్న సిగ్గుపడి తన చేతులతోనే మావు విప్పెను. వాలుగ తోక విదిల్చి, అతని మొగము నిండ బురద చల్లి, మగని వెంట వాగులోనికి పోయెను. నూకాలు కన్నీళ్ళతోనే పకపక నవ్వెను. పల్లెవారు నవ్వి నవ్వి మూటల మీద కూలబడిరి.

వానలు వెనుకపట్టగానే వాలుగ పిల్లలు గుంపులుగా ఏటికి దిగెను. వానిని ఎదుగనిచ్చి, ఏటేట సందు విడిచిరి. వలలు బరువెక్కెను, మూటలు విప్పిరి, పొయ్యిలు రాజుకొనెను. నూకాలు పండువంటి ఆడపిల్లను కనెను.

కావున ఈ వ్రతమును వల వేయువారు, చేపలమ్మువారు, ఇసుక తోడువారు, ఆనకట్టలు కట్టించువారు, వాగులోనికి మురుగు వదలువారు, పులుసనగానే నోరూరువారు, అనగా మనమందరమును చేయవలెను. చేసినవారి ఇంట ఆడబిడ్డలు సుఖముగా నీళ్ళాడుదురు, ఏరు తేటగా పారును. ఇక అక్షతలు వేయుడు. కథలో పలుకు తప్పినను అమ్మ మన్నించును గాని, సందు వెనుక మావు పెట్టిన మన్నింపదు.