రెక్కల గుర్రానికి వేసిన శిక్ష

రెక్కల గుర్రాన్ని మీలో ఎవరైనా చూశారా? చూడలేదు కదా! మరి నేనా మాట అనగానే ఆ రెక్కలు ఎక్కడ మొలిచాయో మీకెలా తెలిసింది? ఆ సంగతి మనసులో ఉంచుకుని ఈ కథ వినండి.

కందువాడ రాజ్యాన్ని గుండభూపాలుడు ఏలేవాడు. నదికి కొత్త కాలువ తవ్విస్తున్నానన్న గర్వం ఆయన తలకెక్కింది. ఒకనాడు తోలుబొమ్మలతో రెక్కల గుర్రం కథ ఆడించే ముసలి సిద్ధప్పను సభకు పిలిపించాడు.

"ఏమయ్యా, నీ రెక్కల గుర్రం ఎక్కడుంది?"

"నా బొమ్మల పెట్టెలో ఉంది దొరా."

"అంటే లేదన్నమాట! నేను ఊహించాను, కాలువ పుట్టింది. నీ గుర్రం లద్దె అయినా వేసిందా? ఇకపై కంటితో చూడనిదాన్ని నా రాజ్యంలో ఎవరూ పలకరాదు. రేపు ఈ బొమ్మలు మంటల్లో వేయండి!"

సిద్ధప్ప పెట్టెను గుండెకు హత్తుకున్నాడు. తాతలనాటి బొమ్మలవి. అతనికి వేరే కూడు లేదు.

రాజుగారి పొగడ్తలు అల్లే ఆస్థాన కవయిత్రి మల్లసాని ఇదంతా విని, "చిత్తం ప్రభూ" అని ఊరుకుంది.

రాజు సింహాసనం ఎక్కేటప్పుడు కైవారం చదవడం అక్కడి ఆనవాయితీ. 'భూభారం భుజాన మోసేవాడా' అనిపించుకోనిదే ఆయన కూర్చునేవాడు కాదు. మర్నాడు సిద్ధప్ప పెట్టెతో సభలో నిలబడి ఉండగా, మల్లసాని లేచి గొంతెత్తింది.

"జయము జయము! పొట్ట ముందు, తాను వెనుక నడిచే మహారాజా! గిన్నెడు ఆవడలు గుటుక్కున మింగిన వీరా! బల్లిని చూసి మంచమెక్కిన ధీరా!"

రాజు ముఖం జేవురించింది. "ఏమిటీ కూతలు?"

"తమ ఆజ్ఞే ప్రభూ! తమరు భూమిని మోస్తుండగా చూసినవాళ్ళు దొరకలేదు. బల్లి సంగతైతే రాణిగారు కళ్ళారా చూశారట."

తెర వెనుక రాణి పకపకా నవ్వింది.

"అయితే నా కాలువా, ఆ గుర్రమూ ఒకటేనా?" రాజు గద్దించాడు.

"ఒకటి కావు, తోబుట్టువులు. లేనిదాన్ని మనసులో చూడటమే ఊహ. దానికి పగ్గం వేస్తే కాలువ తవ్వుతుంది, వదిలేస్తే రెక్కలు తొడుక్కుంటుంది. చిన్నప్పుడు జ్వరమొచ్చి తమరు గంజి ముట్టకపోతే, 'ఒక్క గుక్క తాగు బాబూ, గుర్రమెక్కి నదిని మనూరికి మళ్ళించుకొద్దాం' అని బొమ్మలాడించిందెవరు? తమ తల్లిగారు ఎన్నిసార్లు చెప్పలేదూ!"

రాజు సిద్ధప్ప వైపు తిరిగాడు.

"తాతా... ఆ నదినేనా నేనిప్పుడు మళ్ళిస్తున్నది?"

"అప్పుడు గంజి బాగానే తాగావు బాబూ," అన్నాడు సిద్ధప్ప.

రాజు కడుపుబ్బ నవ్వాడు. నవ్వుతూనే గద్దె మెట్లు దిగి ముసలివాడి చేతులు కళ్ళకద్దుకున్నాడు. కాలువకు నీళ్ళు వదిలేనాడు మొదటి ఆట అతనిదేనన్నాడు. మెడలోని హారం తీసి మల్లసానికిచ్చాడు.

"ఆ బల్లి మాట మాత్రం మళ్ళీ ఎత్తకు!"

"చిత్తం ప్రభూ, బల్లి మళ్ళీ రాకుంటే!"

మరి మీ గుర్రానికి మొదట రెక్కలు తొడిగిందెవరు? ఇవాళే వెళ్ళి వాళ్ళకో దణ్ణం పెట్టండి. వాళ్ళు లేరా? అయితే ఆ కథను ఎదురింటి పసిబిడ్డకు చెప్పండి. లేవండి మరి!