బైరాగి రాతిగుంజ

కాలవ పక్కన ఒక పాత బంగళా. మనుషులు ఖాళీ చేసి వెళ్లిపోయాక దాని తోట జంతువుల పాలైంది. తోట నడుమ పట్టుచీర ఆరేసినట్టు పచ్చిక. దాన్ని కాచి పెంచింది దూదమ్మ అనే ముసలి కుందేలు. ఆవిడ కొడుకులూ కూతుళ్లూ మనవలూ అందరికీ ఆ పచ్చికే అన్నం. తోట చుట్టూ ముళ్లకంచె, కంచెకి ఒకేచోట గండి, గండి పక్కన ఒక రాతిగుంజ. అక్కడ కాపలా బైరాగిది.

బైరాగి ముసలి కుక్క. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు. కోడిపెట్ట గజ్జెలమ్మని వాళ్ల అమ్మమ్మ పేరు పెట్టి పిలుస్తాడు.

"తాతా, మా అమ్మమ్మ పోయి ఎంత కాలమైంది!"

"అయ్యో, పోయిందా? నాకొక్కరూ చెప్పలేదే!" అని అప్పుడే విన్నట్టు కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. చెప్పింది గజ్జెలమ్మే, నిన్ననే.

అంత మతిమరుపులోనూ ఒక్క సంగతి మాత్రం తప్పేవాడు కాదు. వయసులో ఉన్నప్పుడు పచ్చిక మీద ఎక్కడ పడితే అక్కడ కాలెత్తేవాడు. ఎత్తిన చోటల్లా గడ్డి మాడి పసుపుపచ్చగా అయ్యేది. దూదమ్మ కోప్పడలేదు. ఈ గుంజ దగ్గరికి తీసుకొచ్చి, "అన్నా, నీ పని ఈ రాయి మీద కానీ. నా గడ్డి నాకుంటుంది, నీ రాయి నీకుంటుంది" అంది. ఆనాటి నుంచీ తెల్లారగానే ముక్కు ముందు నడిచేది, బైరాగి దాని వెనక నడిచేవాడు. గుంజ తప్పేది కాదు.

దూదమ్మ మునిమనవల బారసాల వచ్చింది. తోటంతా ఊడ్చి, బొరియల గుమ్మాలు కడుగుతున్నారు. కంచె అవతల నుంచి కొండప్ప నక్క తల వంచి దణ్ణం పెట్టాడు.

"అక్కా, శుభమా అని చుట్టాలొస్తుంటే గుమ్మంలోనే ఈ కంపేమిటి? ఆ రాయి కాస్త కడిగించు. ఇవిగో కుంకుడుకాయలు, నా చదివింపులనుకో."

దూదమ్మ మొహమాటపడి బైరాగి వైపు చూసింది. ఎండలో పడుకున్న బైరాగి తోకాడించాడు.

"కడిగించమ్మా. పసిపిల్లల వేడుకకి నా కంపెందుకూ?"

బాతులు నీళ్లు పోశాయి. కుందేళ్లు కుంకుడు నురుగుతో తోమాయి. రాయి తళతళలాడింది. బారసాల ఘనంగా జరిగింది.

మర్నాడు పొద్దున బైరాగి లేచాడు. ముక్కు గాలిలోకెత్తాడు. దారి తగల్లేదు. ఒక చుట్టు తిరిగాడు, రెండో చుట్టూ తిరిగాడు. ఎక్కడికో వెళ్లాలి. ఎక్కడికి? ముసలి ఒళ్లు ఎంతసేపని ఆగుతుంది? కాళ్ల కింద మెత్తగా ఏదో తగిలింది. అక్కడే కానిచ్చేశాడు.

వారం తిరక్కుండా పచ్చిక మీద అప్పడాలు ఎండబెట్టినట్టు పసుపు మచ్చలు. పిల్ల కుందేళ్లు ఆ గడ్డి కొరికి, ఉమ్మేసి ఏడ్చాయి.

"ఎవర్రా ఈ పని చేసింది?" అని బైరాగే గట్టిగా మొరిగాడు.

గజ్జెలమ్మ నేల చూపులు చూసింది. అప్పుడర్థమైంది బైరాగికి. చెవులు వాలిపోయాయి.

"నేనేనా?"

కంచె అవతల కొండప్ప నిట్టూర్చాడు. "ఇన్నాళ్లు కాచినవాడే, పాపం! కానీ అక్కా, కంచే చేను మేస్తే ఇంక చెప్పేదేముంది? ఇవాళ గడ్డి మాడింది. రేపు నీ పిల్లల్నే దొంగలనుకుని కరిస్తే? పంపించెయ్యి."

బైరాగే లేచాడు. తన పాత గోనెపట్టా నోట కరుచుకుని రెండడుగులు వేసి, మళ్లీ కింద పెట్టాడు.

"వాడన్నది నిజమేనమ్మా. ఆ పసివాళ్ల మొహాలు నేను మరిచిపోయే రోజు రాకముందే పోతాను. గుర్తుండగా పోవడం మేలు."

"నాతో గండి దాకా రా అన్నా," అంది దూదమ్మ. గుంజ దగ్గర ఆగి మెల్లగా అడిగింది. "ఒక్క మాట చెప్పు. ఇన్నేళ్లుగా నీ రాయి దగ్గరికి వెళ్లేవాడివి కదా, ఇప్పుడెందుకు వెళ్లడం లేదు?"

"వెతకని చోటు లేదమ్మా," అన్నాడు బైరాగి, ఆ గుంజకే ఒళ్లానించి. "నా రాయి కనబడ్డం లేదు. ఎవరో ఎత్తుకుపోయారు."

దూదమ్మ పకపకా నవ్వబోయింది. సగంలోనే ఆగి తన బొరియ వైపు చూసింది.

"అన్నా, నేనొకటి చెబుతాను, ఎవరితోనూ అనకు. బారసాల నాటి నుంచీ నేనూ నా బొరియ గుర్తుపట్టలేకపోతున్నాను. రెండుసార్లు కోడలి బొరియలో దూరాను. ముసలితనం ముంచుకొచ్చిందని భయపడి నోరు మూసుకున్నాను. మేం గుమ్మానికి గడ్డం రుద్ది వాసనతో ఆనవాలు పెట్టుకుంటాం. ఆ రోజు నా గుమ్మం కడిగేశారు. నీ రాయీ కడిగేశారు. నువ్వు మరిచిపోలేదన్నా. నీ జ్ఞాపకం మేం తోమేశాం."

బైరాగికి అంతా బోధపడలేదు. కానీ "నువ్వు మరిచిపోలేదు" అన్న మాట మాత్రం చెవిలో తియ్యగా ఉండిపోయింది.

"కడగమన్నదెవరు?" అంది గజ్జెలమ్మ వెనక నుంచి.

"కొండప్ప."

"గుంజ ఎక్కడుంది? గండిలో. తాత వాసనుండగా ఆ నక్క ఏనాడైనా గండి దాటాడా?"

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దూదమ్మ గోనెపట్టా తీసుకుని గుంజ చుట్టూ గట్టిగా రుద్దింది. ఏళ్ల తరబడి బైరాగి పడుకున్న పట్టా అది. బైరాగి ముక్కు అదిరింది. తోక గిర్రున తిరిగింది.

"ఇదిగో నా రాయి! ఎక్కడికి పోయావే ఇన్నాళ్లూ?" అంటూ వెంటనే కాలెత్తాడు. గజ్జెలమ్మ మర్యాదగా మొహం తిప్పుకుంది.

తర్వాత ఆవిడ కంచె ఎక్కి, కాలవ అవతలికి కూడా వినబడేలా శోకాలు మొదలుపెట్టింది. "తాత వెళ్లిపోయాడర్రోయ్! మాకింక దిక్కెవరర్రోయ్!"

పొద్దు వాలుతుండగా కొండప్ప వచ్చాడు. ఈసారి దణ్ణం లేదు, వంగడం లేదు. కళ్లు పిల్ల కుందేళ్ల మీదే. ఆత్రంలో తల గండిలో పెట్టేశాక గానీ వాసన తగల్లేదు.

"అక్కా, రాయి కడిగించలేదా?" అన్నాడు.

"కడిగించాను తమ్ముడూ. మళ్లీ మైలపడింది," అంది దూదమ్మ.

గుంజ వెనక నుంచి బైరాగి దూకాడు. పళ్లు అరిగినా పట్టు అరగలేదు. కొండప్ప ప్రాణంతో కాలవ దాటాడు గానీ, తోక కుచ్చు గండిలోనే ఉండిపోయింది.

మచ్చలున్న చోట గజ్జెలమ్మ మాడిన గడ్డి గీరి తీసేసింది. బాతులు నేల బాగా తడిసేలా నీళ్లు పోశాయి. కుందేళ్లు గరిక కణుపులు తెచ్చి నాటాయి. ఎప్పుడైనా బైరాగి పొరపాటున పచ్చిక మీద కాలెత్తితే ఒక బాతు గబగబా వచ్చి ఆ చోట నీళ్లు పోసేది. ఏమీ అనేది కాదు.

కొన్నాళ్లకి బైరాగి గండి దగ్గర ఆగి, "దూదీ, ఈ తోక ఎవరిది?" అని అడిగాడు.

దూదమ్మ పక్కన కూర్చుని కథంతా మొదటి నుంచీ చెప్పింది. బైరాగి చెవులు నిక్కబొడుచుకుని విన్నాడు.

"భలే కుక్కే! ఎవరమ్మా అతను?"

"నువ్వే అన్నా."

బైరాగి సిగ్గుపడి తోకాడించాడు. మర్నాడు మళ్లీ అడిగాడు. దూదమ్మ మళ్లీ మొదటి నుంచీ చెప్పింది.

నీతి: మరిచిపోయేవారి ఆనవాలు చెరిపితే, మన తలుపు గొళ్లెం మన చేత్తో మనమే తీసినట్టు.