ఒకటికి ములక్కాడ, సున్నాకి గారె

మా వీధిలో సూరిదేముడు, గౌరీసు, లచ్చుబాబు అని ముగ్గురు అన్నదమ్ములుండేవారు. వృత్తి వంట.

"వంటవాడికి చెయ్యి కాదురా, బుర్ర ముఖ్యం. దేవుడు దాన్ని మన ముగ్గురికీ సమంగా పంచాడు" అనేవాడు పెద్దవాడు సూరిదేముడు.

"పంచాక ఏమీ మిగల్లేదు కూడానూ" అనేవాడు చిన్నవాడు లచ్చుబాబు, గర్వంగా.

వాళ్ళ మేనకోడలు నీలవేణికి సంబంధం వచ్చింది. పిల్లాడంటే పిల్లకి ప్రాణం. కానీ పిల్లాడి తాత కూర్మారావు గారు భోజనప్రియుడు. "తిండి కుదిరితేనే తాంబూలాలు" అని కబురు పెట్టాడు. ఎవరెవరు ఏమేం తింటారో చీటీల మీద రాయించి మరీ పంపాడు. 'కూర్మారావు: పులిహోర, బూరెలు, దద్దోజనం.' చీటీలన్నీ ఇదే కలగాపులగం.

నీలవేణి విశాఖపట్నంలో కంప్యూటర్ ఉద్యోగం చేస్తుంది. లోపల జడ వేయించుకుంటూ కిటికీలోంచి చెప్పింది. "అదెంత పని మావయ్యా! కామా దగ్గర కొయ్యండి. ఒక్కో వంటకానికి ఒక్కో వరుస. తినేవాళ్ళకి ఆ వరుసలో ఒకటి పెట్టండి, తిననివాళ్ళకి సున్నా పెట్టండి. ఏది ఎంత వండాలో తేలిపోతుంది."

అంతే. గౌరీసు కత్తిపీట ముందేసుకుని చీటీలన్నీ తరిగేశాడు. పేర్లు తెగి ఎటో పోయాయి.

"ఏ ముక్క ఎవరిదన్నా?"

"ఎవరిదైతేనేం, ముక్కలన్నీ ఉన్నాయిగా!"

"మరి ఈ కామాలు?"

"పారెయ్యకు. పోపులో వెయ్యి."

మా కాలేజీలో స్టాటిస్టిక్స్ మేష్టారొకాయన ఉండేవారు. ఆకలేస్తోందండీ అంటే "సగటున ఎంత?" అనేవారు. ఆ గొడవ ఇప్పుడెందుకుగానీ, లచ్చుబాబు రెండు ముక్కలు పట్టుకుని తెల్లబోయాడు.

"ఈ దద్దోజనం ముందు కాస్త ఖాళీ ఉందన్నా. దీని ముందు లేదు. రెండూ ఒకటేనా?"

"ఎలా అవుతాయిరా? వేరే గుండిగ పెట్టు!"

ఇంకేముంది, రెండో గుండిగలో ముందు సగం ఖాళీ ఉంచాలని గౌరీసు మధ్యలో పళ్ళెం అడ్డంపెట్టి, చెయ్యి కాలుతున్నా వదలకుండా నిలబడ్డాడు.

పెళ్ళివారు వచ్చి పందిట్లో కూర్చున్నారు. ఆకులు వేశారు.

"ఒకటి ఎలా ఉంటుందిరా?" అన్నాడు సూరిదేముడు.

"నిలువుగా, కర్రలా."

"సున్నా?"

"గుండ్రంగా. మధ్యలో బెజ్జం."

అంతే. ఒకటికి ములక్కాడ, సున్నాకి గారె. పేర్లు పోయాయి గనక చేతికొచ్చినట్టు వడ్డించేశారు, ఏ ఆకులో చూసినా అవే. బంతిలో నేనూ ఉన్నాను, నాకు అన్నీ ములక్కాడలే.

"పులిహోర ఏదయ్యా?" అన్నారు కూర్మారావు గారు.

"అదిగోనండి, పులిహోర వరుసలో మీకు ఒకటి పెట్టేశాం" అని లచ్చుబాబు ములక్కాడ చూపించాడు.

"మరి వండిన పులిహోర?"

"లోపల భద్రంగా ఉందండి. అది లెక్క కోసం వండింది."

పెళ్ళివారు చేతులు దులుపుకుని లేవబోయారు. కిటికీలో నీలవేణి కళ్ళు నిండిపోయాయి. ఆ కళ్ళు కూర్మారావు గారు చూశారు. ఏమనుకున్నారో, అందర్నీ కూర్చోమన్నారు. పళ్ళు లేని మనిషి, ములక్కాడ నమల్లేక గారె అందుకుని ఓ ముక్క తుంచి నోట్లో వేసుకున్నారు.

"పిల్ల బంగారం. మేనమామల్ని చూసి పిల్లని వదులుకుంటామా? సంబంధం ఖాయం" అన్నారు.

పందిరంతా ఘొల్లున నవ్వింది. నీలవేణి కళ్ళు తుడుచుకుంది.

సూరిదేముడు మాత్రం నవ్వలేదు. కూర్మారావు గారి చేతికేసే చూస్తున్నాడు.

"ఒరే, ఆయన చేతిలో ఏముందిరా?"

"సున్నా అన్నా."

"అయితే సంబంధం వద్దన్నట్టే. పందిరి పీకండి!"

ఇంకేముంది, తలో రాటా పట్టుకుని లాగారు. తాటాకులన్నీ బంతి మీద పడ్డాయి. వాటి కిందనుంచి కూర్మారావు గారు అరిచారు. "ఖాయమన్నాను కదయ్యా! నా నోటితో నేనే చెప్పాను కదయ్యా!"

సూరిదేముడు రాట భుజాన వేసుకుని జాలిగా తలాడించాడు.

"నోటిదేముందండీ, ఎటైనా తిరుగుతుంది. గారె అబద్ధమాడుతుందా?"